వీసా ముందా, టికెట్టు ముందా?

ప్రశ్న: మేము విజయవాడలో ఉంటాము. వచ్చే మే 10న బయలుదేరి 24న తిరిగి వచ్చేలా యూరప్ వెళ్లాలని అనుకుంటున్నాము. మేమిద్దరం, 14, 9 ఏళ్ల పిల్లలిద్దరు, 68 ఏళ్ల మామగారు, 64 ఏళ్ల అత్తగారు కలిపి ఆరుగురం. పారిస్‌లో నాలుగు రాత్రులు, ఆ తర్వాత స్విట్జర్లాండ్‌లో తొమ్మిది రాత్రులు ఉండాలని ఆలోచన. ఇంకా తొమ్మిది నెలల సమయం ఉంది. విమాన టికెట్లు ఇప్పుడే కొంటే చౌకగా వస్తాయని మావారి స్నేహితులు, వీసా చేతికి రాకుండా టికెట్లు కొనడం తెలివితక్కువ పని అని మా తమ్ముడు అంటున్నారు. ఎవరి మాట వినాలి? అన్నట్టు, మా అత్తగారి పాస్‌పోర్టు గడువు వచ్చే ఆగస్టు 10 వరకు ఉంది కాబట్టి ఆ దిగులు లేదు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: దిగులు లేదని మీరు చివర్లో రాసిన విషయంతోనే మొదలుపెట్టాలి. షెంజెన్ దేశాల (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల బృందం, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ అందులోవే) నుంచి తిరిగి బయలుదేరే తేదీ తర్వాత కనీసం మూడు నెలల గడువు పాస్‌పోర్టుకు ఉండాలన్నది నిబంధన. మీరు మే 24న బయలుదేరితే గడువు ఆగస్టు 24 వరకైనా ఉండాలి. మీ అత్తగారి పాస్‌పోర్టుకు సరిగ్గా రెండు వారాలు తక్కువైంది. పిల్లల పాస్‌పోర్టులు కూడా ఒకసారి తీసి చూడండి. పెద్దవాళ్లకు పదేళ్లకు ఇచ్చినట్టు 15 ఏళ్ల లోపు పిల్లలకు ఇవ్వరు, వాళ్ల పాస్‌పోర్టు ఐదేళ్లకే ముగుస్తుంది. చాలా ఇళ్లలో ఈ సంగతి వీసా దరఖాస్తు నింపుతున్నప్పుడు గానీ తెలియదు. కొత్త పాస్‌పోర్టుకు కొత్త నంబరు వస్తుంది కాబట్టి మిగిలిన పనులన్నింటికంటే ముందు దీన్ని ముగించండి. పనిలో పనిగా ఆరుగురి పేర్లనూ సరిచూసుకోండి. మన ఇళ్లలో బడి రికార్డుల్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, బ్యాంకు ఖాతాలో మరోలా ఉండటం మామూలే. టికెట్టుపైనా, వీసా దరఖాస్తుపైనా, బీమా పత్రంపైనా పాస్‌పోర్టులో ఉన్న పేరే అక్షరం తేడా లేకుండా ఉండాలి.

ఇక వీసా. ప్రయాణ తేదీకి ఆరు నెలల కంటే ముందు దరఖాస్తు తీసుకోరు కాబట్టి మీకు నవంబరు 10 వరకు ఆ తలుపు తెరుచుకోదు; 15 రోజుల ముందు, అంటే ఏప్రిల్ 25 నాటికి మూసుకుంటుంది. నిర్ణయానికి సాధారణంగా 15 రోజులు పడుతుంది గానీ అవసరమనుకుంటే 45 రోజుల వరకు పొడిగించే అధికారం రాయబార కార్యాలయం వారికి ఉంది. వేసవి సెలవులకు వెళ్లే కుటుంబాలన్నీ మార్చి, ఏప్రిల్ నెలల్లోనే హైదరాబాద్‌లోని వీసా దరఖాస్తు కేంద్రాల ముందు బారులు తీరుతాయి. అపాయింట్‌మెంటు దొరకడమే అప్పుడు కష్టమవుతుంది. సంక్రాంతి హడావుడి ముగిశాక, జనవరి రెండో సగంలో దరఖాస్తు ఇవ్వడం మీకు అన్ని విధాలా అనుకూలమని నా అభిప్రాయం. ఒక్క సంగతి మరవకండి: నిర్ణయం వచ్చేవరకు పాస్‌పోర్టులు వారి దగ్గరే ఉంటాయి, ఆ వారాల్లో ఇంట్లో ఎవరికీ మరో విదేశీ ప్రయాణం ఉండకూడదు.

మీరు దిగేది పారిస్‌లోనే అయినా దరఖాస్తు స్విట్జర్లాండ్‌కే ఇవ్వాలి. ఎక్కువ రాత్రులు ఎక్కడ గడుపుతారో ఆ దేశమే వీసా ఇస్తుంది. రాత్రులు సమానమైతేనే మొదట అడుగుపెట్టే దేశం లెక్కలోకి వస్తుంది. రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45 యూరోలు. మీ చిన్నబిడ్డకు సగమే పడుతుంది కాబట్టి మొత్తం 495 యూరోలు, దానిపైన కేంద్రం వసూలు చేసే సేవా రుసుము; వీసా నిరాకరించినా ఇందులో పైసా తిరిగి రాదు. తొమ్మిదేళ్ల పాపకో బాబుకో వేలిముద్రలు అవసరం లేదు, మిగిలిన ఐదుగురూ స్వయంగా వెళ్లి ఇవ్వాలి. బ్యాంకు స్టేట్‌మెంట్లలో నెలనెలా వచ్చే ఆదాయం సహజంగా కనిపించాలి. దరఖాస్తుకు వారం ముందు బంధువుల దగ్గర తెచ్చి లక్షలు జమచేస్తే అది బలం కాకపోగా అనుమానానికి తావిస్తుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. రాయబార కార్యాలయం అడిగేది రానుపోను ప్రయాణానికి రిజర్వేషన్‌నే గానీ డబ్బు చెల్లించిన టికెట్టును కాదు. ఆ మేరకు మీ తమ్ముడిగారి మాట సరైనది. అయితే, చాలా విమాన సంస్థలు 11 నెలల ముందు నుంచే అమ్మకాలు మొదలుపెడతాయి, సెలవుల నెలలో చౌక సీట్లు ముందే అయిపోతాయి కాబట్టి మీవారి స్నేహితులన్నారని మీరు రాసిన మాటలోనూ నిజముంది. తేల్చాల్సింది రద్దు ఖర్చు. టికెట్టు రద్దు చేస్తే ఒక్కొక్కరికి ఎంత కోత పడుతుందో నిబంధనల్లో చదివి, దాన్ని ఆరుతో హెచ్చించండి. ఆ మొత్తం పోయినా తట్టుకోగలమనుకుంటే దీపావళి ప్రాంతంలో కొనండి, లేదంటే వీసా వచ్చేదాకా ఆగండి. ‘రీఫండబుల్’ అన్న ఒక్క మాట చూసి సంబరపడవద్దు. కోత పోగా మిగిలేది కొన్నిసార్లు పన్నుల సొమ్ము మాత్రమే అవుతుంది. మరో చిన్న కిటుకు: వెతికేటప్పుడు ముందు ఒక్కరికి, తర్వాత ఆరుగురికి ధర చూడండి. చౌక తరగతిలో నాలుగు సీట్లే మిగిలి ఉంటే ఆరుగురికీ కలిపి పై ధర చూపించే అవకాశం ఉంది. అయినా పెద్దవాళ్లు వెంట ఉన్నారు కాబట్టి అందరూ ఒకే బుకింగులో ఉండటమే మేలు. దారిలో విమానం తప్పిపోతే సాధారణంగా అందరినీ కలిపి మరో విమానం ఎక్కిస్తారు.

విమానం కంటే ముందు బుక్ చేయాల్సింది, అందరూ వెనక్కు నెట్టేది, బస. స్విట్జర్లాండ్‌లో ఇంటర్‌లాకెన్, లౌటర్‌బ్రునెన్ వంటి చోట్ల ఆరుగురు ఒకే కప్పు కింద ఉండి, వంటగది కూడా దొరికే అపార్ట్‌మెంట్లు కొన్నే ఉంటాయి, అవే ముందు నిండిపోతాయి. ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నవి ఈ నెలలోనే పట్టుకోండి, రద్దు గడువును ఫోన్ క్యాలెండరులో రాసిపెట్టుకోండి. ఆ గడువు స్విస్ కాలమానం ప్రకారం ఉంటుంది. మే నెలలో వారు మనకంటే మూడున్నర గంటలు వెనుక ఉంటారు.

మిగిలినవాటికి తొందర లేదు. స్విట్జర్లాండ్‌లో రైళ్లు, బస్సులు, పడవలకు కలిపి ఒకే టికెట్టుగా పనికొచ్చే స్విస్ ట్రావెల్ పాస్ ధర ముందుగా కొన్నంత మాత్రాన తగ్గదు. ఫ్యామిలీ కార్డు తీసుకుంటే తల్లిదండ్రుల వెంట 16 ఏళ్ల లోపు పిల్లలు ఉచితంగా ప్రయాణిస్తారు, అంటే మీ పిల్లలిద్దరికీ ఖర్చు లేదు. పారిస్ నుంచి జ్యూరిక్‌కు నాలుగు గంటల రైలు ప్రయాణానికి మాత్రం తేదీ దగ్గర పడేకొద్దీ ధర పెరుగుతుంది, అది వీసా రాగానే కొనండి. ఆల్ప్స్ మంచుకొండల మీదికి రైలులో చేరుకునే యుంగ్‌ఫ్రాయోక్ టికెట్టును మాత్రం ఇక్కడి నుంచే కొనుక్కుని వెళ్లవద్దని నా సలహా. 3,454 మీటర్ల ఎత్తున మబ్బు కమ్మితే అంత ఖర్చుపెట్టి తెల్లటి గోడను చూసినట్టే ఉంటుంది. ముందు రోజు సాయంత్రం అక్కడి కెమెరా దృశ్యాలు చూసి నిర్ణయించుకోండి. అంత ఎత్తున గాలి పలచగా ఉంటుంది కాబట్టి మామగారిని, అత్తగారిని తీసుకెళ్లే ముందు వారి డాక్టరును అడగడం తప్పనిసరి. వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా కావాలి గానీ, పెద్దవారికి ఇదివరకే ఉన్న బీపీ, షుగరులకు ఆ పాలసీ వర్తిస్తుందో లేదో ఆ ఒక్క నిబంధన చదివి మరీ కొనండి.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. ఒక ట్రావెల్ సంస్థ వచ్చే వేసవి యూరప్ ప్యాకేజీకి మొత్తం సొమ్ము ఇప్పుడే కడితే తగ్గింపు ఇస్తామంటోంది. కట్టవచ్చా? టీసీఎస్ అని అదనంగా అడుగుతున్నారు, అదేమిటి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తగ్గింపు ఇస్తామన్నారని రాశారు గానీ, వీసా రాకపోతే ఎంత తిరిగి ఇస్తారో అడిగినట్టు లేదు. ఆ అంకెను రాతపూర్వకంగా తీసుకోండి; ఫోనులో చెప్పిన మాటకు విలువ లేదు. విడతలవారీగా కట్టనిచ్చే సంస్థ దొరికితే కొంచెం ఎక్కువైనా అదే మంచిది. టీసీఎస్ అంటే ప్యాకేజీ అమ్మే సంస్థే కొనేవారి దగ్గర ముందుగా వసూలు చేసే పన్ను; అది సంస్థ జేబులోకి పోయేది కాదు, ఆదాయపు పన్ను శాఖకు మీ పాన్ మీద జమ అయ్యేది. రిటర్ను వేసేటప్పుడు మీ పన్నులో సర్దుకుంటుంది, పన్ను లేకపోతే వాపసు వస్తుంది. అయితే రిటర్ను వేస్తేనే వస్తుంది. కాబట్టి ఏటా రిటర్ను వేసే అబ్బాయి ఖర్చు భరిస్తున్నట్టయితే, ప్యాకేజీని అతని పాన్ మీదే చెల్లించడం సులువు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. మే నెలలో యూరప్ వెళ్లేలా ఇప్పుడే బుక్ చేసుకుంటే బాగుంటుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వద్దు. ఈఏపీసెట్ తేదీలు ప్రకటించేవరకు వాపసు రాని దేనికీ డబ్బు కట్టవద్దు. తేదీలు జరుపుకుంటే సరిపోతుందని అనుకుంటారేమో, షెంజెన్ వీసాను సాధారణంగా మీరు అడిగిన తేదీల చుట్టూనే ఇస్తారు. నెల రోజులు జరిపితే మళ్లీ దరఖాస్తు, మళ్లీ రుసుము. ఆమె కాలేజీలో చేరాక మొదటి సెమిస్టరు సెలవులను లక్ష్యంగా పెట్టుకోండి.

ప్రశ్న: మే నెలలో స్విట్జర్లాండ్‌లోని మా అక్క దగ్గరకు వెళ్తున్నాము. ఆవిడ కోసం బంగినపల్లి మామిడిపళ్లు, నెయ్యి, కరివేపాకు తీసుకెళ్లవచ్చా?
– ఒక పాఠకురాలు, నూజివీడు

జవాబు: మూడూ కుదరవు. మన దేశం నుంచి వెళ్లే ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి తీసుకెళ్లకూడదు, నెయ్యి కూడా అందులోదే. తాజా మామిడిపళ్లకు, కరివేపాకుకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. మీ అక్కగారికి ఆవకాయ పట్టుకెళ్లండి. నూనె కారకుండా రెండు కవర్లలో చుట్టి, చేతిసంచిలో కాకుండా చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి.