రెండో సెన్సర్ కొనకముందు

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. నీ షెడ్డుకు వచ్చిన పెట్రోలు కారులో చెక్ ఇంజిన్ లైటు ఆరడం లేదనీ, స్కానర్‌లో పీ0118 కోడ్ కనిపిస్తోందనీ, కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్ కొత్తది బిగించినా అదే కోడ్ తిరిగి వస్తోందనీ రాశావు. ఇంకో సెన్సర్ కొనే ఆలోచన మానుకో. సెన్సర్ పోయిందని ఆ కోడ్ ఎక్కడా చెప్పడం లేదు. ఆ సర్క్యూట్‌లో వోల్టేజీ ఉండవలసిన దానికన్నా ఎక్కువగా ఉందని మాత్రమే చెబుతోంది. సర్క్యూట్ అంటే సెన్సర్‌తో పాటు దానికి వచ్చే సిగ్నల్, ఎర్త్ అనే రెండు వైర్లు, కనెక్టర్ పిన్నులు, ఈసీయూ అనే ఇంజిన్ కంప్యూటరు కూడా.

ఈసీయూ తనలోని ఒక రెసిస్టర్ గుండా 5 వోల్టులను సిగ్నల్ వైరులోకి పంపుతుంది. సెన్సర్‌లో ఉండే థర్మిస్టర్‌కు చల్లగా ఉన్నప్పుడు నిరోధం ఎక్కువ, వేడెక్కే కొద్దీ తగ్గుతుంది. చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర రెండు మూడు కిలో ఓములు, 80 డిగ్రీల దగ్గర సుమారు మూడు వందల ఓములు ఉంటుంది. ఎక్కడైనా దారి తెగితే ఆ 5 వోల్టులు తగ్గకుండా అలాగే నిలిచిపోతాయి కాబట్టి, రెంటచింతల ఎండలో నిలబెట్టిన కారులో కూడా స్కానర్ −40 డిగ్రీలని చూపిస్తుంది. అలాంటప్పుడు చాలా ఈసీయూలు రేడియేటర్ ఫ్యాన్‌ను ఆపకుండా తిప్పుతూ, తమకు తోచిన ఒక ఉష్ణోగ్రతను లెక్కలోకి తీసుకుంటాయి. కొన్ని కార్లలో స్కానర్ మీద ఆ ఊహించిన అంకె కనిపిస్తుంది, దాన్ని చూసి అంతా బాగుందని పొరబడకు. కోడ్ చెరిపివేసి, ఇగ్నిషన్ ఆన్ చేసిన వెంటనే అంకె చూడు.

ఇక పరీక్షకు రా. ఇగ్నిషన్ ఆఫ్ చేసి సెన్సర్ కనెక్టర్ ఊడదీసి, హార్నెస్ (వైర్ల కట్ట) వైపున్న రెండు పిన్నులను సన్నని వైరు ముక్కతో కలిపి, ఇగ్నిషన్ ఆన్ చేసి స్కానర్ చూడు. అంకె −40 నుంచి వేడి వైపు చివరికి ఎగబాకితే వైర్లూ ఈసీయూ బాగున్నట్టే. లోపం సెన్సర్‌లోనో, పిన్నులు సరిగా కలవకపోవడంలోనో ఉంది. కదలకపోతే సిగ్నల్ పిన్నును నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు కలుపు. అప్పుడు ఎగబాకితే ఎర్త్ వైరు తెగినట్టు. అప్పుడూ కదలకపోతే సిగ్నల్ వైరునే అనుమానించి, ఈసీయూ కనెక్టర్ దగ్గర అదే పిన్నుపై వోల్టేజీ కొలువు: అక్కడ 5 వోల్టులు ఉండి సెన్సర్ దగ్గర లేకపోతే తెగింది ఈ రెండింటి మధ్యనే. ఈసీయూ దగ్గర కూడా లేకపోతే, ఈసీయూ పోయిందని కస్టమర్‌తో అనే ముందు దానికి వచ్చే పవర్, ఎర్త్ రెండూ చూడు.

వైర్లు కలిపే ఈ పద్ధతి రెండు వైర్ల ఉష్ణోగ్రత సెన్సర్‌కే పరిమితం. లోపలి రెసిస్టర్ కరెంటును అదుపులో ఉంచుతుంది కాబట్టి ఇక్కడ ప్రమాదం లేదు. మూడు వైర్ల థ్రాటిల్ సెన్సర్, మ్యాప్ సెన్సర్‌ (ఇన్‌టేక్ గాలి పీడనం కొలిచేది)ల దగ్గర అలా చేయకు. అక్కడి 5 వోల్టుల సరఫరా చాలాసార్లు మిగతా సెన్సర్లకు కూడా అదే. ఎప్పుడైనా మూడు నాలుగు సెన్సర్ల కోడ్‌లు ఒకేసారి వస్తే ముందు ఆ ఉమ్మడి సరఫరానే చూడాలి. అదే సర్క్యూట్‌లో వోల్టేజీ తక్కువగా ఉందని చెప్పే పీ0117 కోడ్ అయితే వ్యవహారం తలకిందులు: కనెక్టర్ ఊడదీయగానే అంకె −40కి పడితే సెన్సర్ లోపలే షార్ట్, పడకపోతే వైరు ఎక్కడో ఎర్త్‌కు తగులుతోంది.

మన షెడ్లలో అలవాటైన టెస్ట్ ల్యాంప్‌ను ఈ వైర్లపై వాడకు, డిజిటల్ మల్టీమీటర్ మాత్రమే వాడు. ఓములు కొలిచేటప్పుడు కనెక్టర్ ఊడదీసి ఉండాలి. మీటర్ ప్రోబ్‌ను ఆడపిన్నులోకి గుచ్చితే అది వెడల్పై, లేని లోపాన్ని నువ్వే తెచ్చిపెట్టినవాడివి అవుతావు. వెనుక నుంచి సన్నని సూదితో అందుకో.

నీ కారులో కొత్త సెన్సర్ కూడా పనిచేయలేదు కనుక నా అనుమానం వైరుపైనే. ఎలుకలు కొరికిన చోట్లు, ప్రెషర్ వాష్ నీరు చేరి పచ్చగా చిలుము పట్టిన పిన్నులు, ఇంజిన్ కదలికకు వైరు ఒరుసుకునే మలుపులు ముందు చూడు. పైతొడుగు బాగున్నా లోపలి రాగి తెగి ఉండవచ్చు, కాబట్టి స్కానర్ చూస్తూ హార్నెస్‌ను జానెడు జానెడుగా కదిపి చూడు; అంకె ఎక్కడ ఎగిరితే తెగింది అక్కడే. మెలితిప్పి టేపు చుట్టకుండా సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ వెయ్యి.

పని అయ్యాక కోడ్ చెరిపి, బండిని రాత్రంతా ఉంచుకో. తెల్లవారి స్టార్ట్ చేయకముందు కూలెంట్, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రతలు రెండూ దాదాపు సమానంగా ఉండాలి. ఆ తరువాత ఇంజిన్ వేడెక్కే కొద్దీ అంకె తడబడకుండా పెరగాలి. బిల్లులో సామాను ఏదీ లేకపోయినా, లోపం వెతికిన సమయానికి కూలి విడిగా రాసి మొహమాటపడకుండా తీసుకో.

ఇట్లు,
మీ మామయ్య