‘ఇంత’ అంటే ఎంత?

సందేహం: ఫోన్‌లో మా మనవడితో “పెరట్లో ఇంత సొరకాయ కాసిందిరా” అన్నాను. “ఎంత, అమ్మమ్మా?” అన్నాడు. చూసుకుంటే, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని రెండు చేతులూ చాచి ఉన్నాను! చేయి చూపించకపోతే ‘ఇంత’కు అర్థం లేనట్టేనా? అలా అనడం తప్పా? ఇలా చేతులు తిప్పడాన్ని ‘సైగ’ అనవచ్చా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

సమాధానం: తప్పు కాదమ్మా. మీ వాక్యం నిండుగానే ఉంది. అందులో సగం నోటితో పలికారు, సగం చేతితో చెప్పారు. ఫోను మొదటి సగాన్నే మోసుకెళ్లింది.

‘ఇంత’లో కొలత లేదు. “ఆకలేస్తోంది, ఇంత అన్నం పెట్టమ్మా” అంటే కొంచెం. “ఇంత అన్నం నేను తినలేను” అంటే చాలా ఎక్కువ. ఒకే మాట, ఎదురెదురు అర్థాలు. చూపుడువేలి కొనకు బొటనవేలు ఆనించి “ఇంత ఉప్పు వేయి” అంటాం, చేతులు బార్లా చాపి “ఇంత గుమ్మడికాయ” అంటాం. ‘ఇలా’, ‘ఇక్కడ’, ‘అదిగో’ కూడా ఈ జాతివే. మన వ్యాకరణాలు త్రికమని పిలిచే ఆ, ఈ, ఏ ల కుటుంబం ఇది. ఈ మాటలు ఒక ఖాళీని చూపిస్తాయి. దాన్ని చేయి పూరించాలి, లేదా అంతకు ముందు అన్న మాట పూరించాలి. “పది లక్షలా! ఇంత డబ్బు ఎక్కడ తేను?” అన్నప్పుడు చేతితో పనిలేదు.

పోతన భాగవతంలో వామనుడు పెరిగే పద్యాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. నేల మీద ఉన్నప్పుడు ‘ఇంత’, ఆకాశవీధికి చేరాక ‘అంత’, మేఘాల దగ్గర ‘అల్లంత’. ఎన్ని మూరలు పెరిగాడో కవి చెప్పలేదు. అయినా ఆ పద్యం చదువుతుంటే మన చేయి దానంతట అదే పైకి లేస్తుంది. నాకు ఈ పద్యం మీద ఇష్టం పెరగడానికి అదొక పెద్ద కారణం.

ఎదుటివాళ్లకు కనిపించకపోయినా చేతులు ఎందుకు ఆడతాయన్నది మీ ఉత్తరంలో అసలైన ప్రశ్న. పుట్టుకతోనే చూపు లేనివాళ్లు కూడా మాట్లాడేటప్పుడు చేతులు కదిలిస్తారని, వినేవారికీ చూపు లేదని తెలిసినా కదిలిస్తారని ఐవర్సన్, గోల్డిన్-మెడో అనే పరిశోధకులు 1998లో చూపించారు. అంటే ఆ కదలిక చూసేవాళ్ల కోసమే పుట్టడం లేదు, ఆలోచనను మాటల్లో పెట్టే పనిలోనే పుడుతోంది. మాట, చేతి కదలిక ఒకే ఆలోచనకు రెండు రూపాలని మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌నీల్ 1992లో తన పుస్తకంలో వాదించారు.

చేయి భాషను బట్టి కూడా నడుచుకుంటుంది. ఒక కార్టూన్‌లో పిల్లి వాలు వీధిలో కిందికి దొర్లుతుంది. దాన్ని చూసి కథ చెప్పమని కీటా, ఓజ్యురెక్ అనే పరిశోధకులు ఇంగ్లీషు, జపనీస్, టర్కిష్ వాళ్లను అడిగారు. ఇంగ్లీషులో దొర్లడం, దిగడం ఒకే క్రియతో ఒక్క ఉపవాక్యంలో ఇమిడిపోతాయి. ఆ భాషవాళ్ల చేయి కూడా ఎక్కువగా రెండింటినీ కలిపి, తిరుగుతూ కిందికి దిగింది. మిగతా రెండు భాషల్లో దొర్లడానికి ఒక క్రియ, దిగడానికి ఇంకో క్రియ కావాలి. వాళ్ల చేతులు తిరగడాన్ని ఒకసారి, దిగడాన్ని ఒకసారి విడిగా చూపడం ఎక్కువగా కనిపించింది. మనమూ “దొర్లుతూ కిందికి పోయింది” అని రెండు క్రియలే వాడతాం కదా. మన చేతులు ఏం చేస్తాయో మీ ఇంట్లో కథ చెప్పేవాళ్లను గమనించి నాకు రాయండి, నిజంగా ఎదురుచూస్తాను. ‘గిరగిరా’, ‘జరజరా’ లాంటి మాటల దగ్గర మరీ శ్రద్ధగా చూడండి.

ఇక ‘సైగ’. నోరు మెదపకుండా “ఇటు రా” అని పిలిస్తే అది సైగ. అక్కడ చేయి మాటకు బదులు వచ్చింది. మీరు చేసింది మాటకు తోడు. ‘సంజ్ఞ’ వాడవచ్చు గానీ, వ్యాకరణంలో ఆ మాటకు పారిభాషిక పదమనే అర్థం స్థిరపడిపోయింది. (‘కనుసన్నల్లో’ అన్నప్పటి ‘సన్న’ దీని తద్భవమే.) “అభినయించి చెప్పింది” అని మనవాళ్లు అంటూనే ఉంటారు కాబట్టి ‘అభినయం’ నాకు బాగా నచ్చుతుంది. బధిరులు మాట్లాడుకునే సంజ్ఞా భాషను మాత్రం ఇందులో కలపకండి, అది సొంత వ్యాకరణం ఉన్న పూర్తి భాష.

ఫోన్‌లో ఏమనాలంటారా? చేతులు చూపిన కొలతలు మాటలై మన భాషలో ఎప్పటినుంచో ఉన్నాయి. చిటికెడు, గుప్పెడు, చారెడు, దోసెడు, బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు. పూలమ్మే ఆమె మోచేతి నుంచి వేలికొన దాకా దండ కొలిచి ఇచ్చే మూర ఇదే. మీ సొరకాయ అంత పొడవుంటే “మూరెడు సొరకాయ” అనండి. మనవడికి మూర తెలియకపోతే వీడియో కాల్ చేసి, మోచేయి పక్కన కాయను పెట్టి చూపించండి.