చైనాలోని షియామెన్ వెళితే అక్కడి సొంత వంటలు ఏవి తినాలి?

ముందు శాచా నూడుల్స్ తినండి. ఫూజియన్ తీరంలోని ఈ ఊరి నుంచి తరతరాలుగా జనం ఆగ్నేయాసియాకు వలస వెళ్లారు. తిరిగొచ్చినవాళ్లు మలయ్ 'సాటే' (వేరుశనగ సాస్‌తో తినే, పుల్లకు గుచ్చి కాల్చిన మాంసం) రుచిని వెంట తెచ్చారు. స్థానిక మిన్నాన్ భాషలో 'శాచా' అనే అక్షరాలను 'సాతే' అనే పలుకుతారు, పేరు అలా వచ్చిందే. వేరుశనగ, ఎండు రొయ్యలు, వెల్లుల్లి, మిరప కలిపి నూరిన ముద్దతో పులుసు చేస్తారు. అందులో రొయ్యలు, టోఫు, పంది మాంసం, ఏది వేయాలో మీరే చెప్పొచ్చు. వేరుశనగ పచ్చడి తిని పెరిగిన మనకు ఈ రుచి కొత్తగా అనిపించదు.

తర్వాత ఆయిస్టర్ (ఆల్చిప్ప) అట్టు. చిన్న ఆయిస్టర్లను చిలగడదుంప స్టార్చ్, గుడ్డు, వెల్లుల్లి ఆకుతో కలిపి పెనం మీద వేస్తారు. అంచులు కరకరలాడాలి, మధ్యలో జిగురుగా ఉండాలి. చిలగడదుంప ఫూజియన్‌కు 1593లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిందని చెబుతారు.

ధైర్యముంటే 'తుసున్‌దోంగ్' చూడండి. తీరపు బురద ఇసుకలో దొరికే ఒక రకం పురుగుల్ని ఉడికించి చల్లారిస్తే, ఆ నీళ్లే జెల్లీలా గడ్డకడతాయి. సోయా సాస్, వెనిగర్, వెల్లుల్లి, ఆవముద్దతో చల్లగా తింటారు.

శాకాహారులైతే తియ్యటి వేరుశనగ సూప్ అడగండి. పప్పు నోట్లో కరిగిపోయేదాకా ఉడికిస్తారు.