ఆ మైనస్ రెండుకేనా, పావుకి కూడానా?

ప్రశ్న: టీచర్ గారూ, మాది ఒడిశాలోని గుణుపురం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బాబు చదివేది ఒడియా మీడియం, ఏడో తరగతి. −3¼ − (−1½) అనే లెక్క దగ్గర మా ఇంట్లో పెద్ద చర్చే అయింది. నేను చేస్తే −4¾ వచ్చింది. వాడు చేస్తే −2¼ వచ్చింది. పుస్తకం వెనక చూస్తే −1¾ అని ఉంది. సంకలన విలోమం కలపాలి, అంతే అని ట్యూషన్‌లో చెప్పారట. అదేంటో, ఎందుకు కలపాలో వాడికీ తెలీదు, నాకూ తెలీదు. వాడి నోట్సు ఫొటో కూడా పంపుతున్నాను. పరీక్షలు దగ్గర పడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది. కాస్త విడమరిచి చెప్పండి.
— ఒక అమ్మ, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: అమ్మా, పుస్తకంలో ఉన్నదే సరైన జవాబు. దాన్ని చూసి రాసేసుకోకుండా ఎందుకని అడిగారు చూడండి, అందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. మీరు చేసిన పొరపాటు ఒకటి, బాబు చేసింది పూర్తిగా వేరొకటి. విడివిడిగా చూద్దాం.

ముందు మీది. తీసివేత కదా, ఉన్నదానికంటే ఇంకా తగ్గాలి అనుకుని 3¼కి 1½ కలిపేసి ముందు మైనస్ పెట్టారు. తీసేసేది మామూలు సంఖ్య అయితే అలాగే చెయ్యాలి. ఇక్కడ తీసేస్తున్నది అప్పు. మన ఇళ్లలో బియ్యం నిండుకుంటే పక్కింట్లో బదులు తెచ్చుకుంటాం కదా. మీరు పక్కింటావిడకి మూడుంపావు కిలోల బియ్యం బాకీ ఉన్నారనుకోండి. మీ లెక్కలో అది −3¼. ఆవిడ వచ్చి, “వదినా, మొన్న మా ఇంట్లో శుభకార్యానికి నువ్వు ఎంత సాయం చేశావు! అందులో ఒకటిన్నర కిలోలు నువ్వు ఇవ్వక్కర్లేదు” అంది. బాకీలోంచి ఒకటిన్నర కిలోల బాకీ పోయింది. ఇంకా ఎంత ఇవ్వాలి? ఒకటీ ముప్పావు. మీ డబ్బాలోకి ఒక్క గింజ కూడా కొత్తగా రాలేదు, అయినా ఒకటిన్నర కిలోలు వచ్చి పడితే ఎంతో ఇదీ అంతే. −1½ తీసేయడం, 1½ కలపడం ఒకటే అనేది ఇందుకే. సున్నాలోంచి అప్పును తీసేస్తే ధనం అవుతుందని బ్రహ్మగుప్తుడు 628లోనే సూత్రంగా చెప్పాడు.

ఇక సంకలన విలోమం. ఒక సంఖ్యకి ఏది కలిపితే మొత్తం సున్నా అవుతుందో అదే దాని సంకలన విలోమం. −1½కి అది 1½. 2¾కి −2¾. అంతకు మించి అందులో ఏమీ లేదు.

బియ్యం లెక్క విన్న పిల్లలు కాస్త ఆలోచించేవాళ్లయితే వెంటనే ఒకటి అడుగుతారు: అసలు బాకీయే లేకపోతే దేన్ని తీసేస్తాం? 2⅓ − (−1⅚) ఇలాంటిదే. 2⅓లో అప్పు ఎక్కడా లేదు, కానీ అందులోంచి 1⅚ అప్పు తీసేయమంటున్నారు. నాకు ఈ ప్రశ్న అంటే ఎంతో ఇష్టం, ఎందుకంటే అసలు కారణం ఇక్కడే బయటపడుతుంది. ఏ సంఖ్యకైనా సున్నా కలిపితే అది మారదు కదా. ఆ సున్నాని మనం 1⅚ + (−1⅚) అని రాసుకుందాం. ఇప్పుడు మన దగ్గర ఉన్నది:

2⅓ + 1⅚ + (−1⅚)

విలువ అదే 2⅓. కాకపోతే తీసేయమన్న −1⅚ ఇప్పుడు కళ్లెదురుగా కనబడుతోంది. దాన్ని పెన్సిల్‌తో కొట్టేయండి. మిగిలింది 2⅓ + 1⅚. అంటే తీసేయమన్న సంఖ్య తాలూకు విలోమమే వచ్చి కలిసింది. ట్యూషన్‌లో చెప్పిన ‘అంతే’కి కారణం ఇదే. లెక్క పూర్తి చేస్తే, ⅓ అంటే 2/6 కాబట్టి, పూర్ణాంకాలు 2 + 1 = 3, భిన్నాలు 2/6 + 5/6 = 7/6, మొత్తం 4⅙. బాబు చేత ఆ −1⅚ని వాడి చేత్తోనే కొట్టించండి, చూసి ఊరుకోనివ్వకండి.

ఇప్పుడు బాబు నోట్సు. ఫొటోని పెద్దది చేసి చూశాను. మొదటి వరుస −3¼ + 1½ అని చక్కగా మార్చుకున్నాడు. రెండో వరుసలో −3 + 1 = −2, దాని పక్కన ½ − ¼ = ¼. ఇవి కూడా తప్పు కాదు. ¼ ముందు మైనస్ ఉందని గుర్తు పెట్టుకున్నాడు చూడండి, చాలామంది పిల్లలు అక్కడే జారిపోతారు. చివరి వరుసలో మాత్రం −2 రాసి, కొంచెం జాగా వదిలి, ¼ రాశాడు. ఆ జాగాలో ఒక ప్లస్ ఉండాలి. వాడికి వచ్చింది −2 + ¼. రాసింది −2¼. ఈ రెండూ ఒకటి కావు.

మిశ్రమ భిన్నం ముందు మైనస్ పెడితే అది పూర్ణాంకానికీ, భిన్నానికీ రెంటికీ వర్తిస్తుంది. −2¼ అంటే −(2 + ¼), అంటే −2 − ¼. సంఖ్యారేఖ మీద −2 దగ్గర వేలు పెట్టించండి. −2¼ కావాలంటే పావు ఎడమకి జరగాలి. −2 + ¼ కావాలంటే పావు కుడికి జరగాలి, అప్పుడు వేలు −1¾ దగ్గర ఆగుతుంది. పుస్తకంలో జవాబు అదే. కొన్నాళ్లపాటు ప్రతి రుణ మిశ్రమ భిన్నాన్నీ బ్రాకెట్ పెట్టి −(3 + ¼) లాగే రాయించండి. పేజీలు ఎక్కువ అవుతాయి, కానివ్వండి.

జవాబు సరిచూసుకోవడం కూడా నేర్పండి. వచ్చిన జవాబుకి, తీసేసిన సంఖ్యని కలిపితే మొదటి సంఖ్య రావాలి. −1¾ + (−1½) = −3¼, సరిపోయింది. బాబు జవాబుతో చేస్తే −3¾ వస్తుంది, మీదాంతో చేస్తే −6¼ వస్తుంది. అప్పుడు పుస్తకం వెనక్కి తిప్పే పని ఉండదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. “మైనస్ మైనస్ ప్లస్” అని పిల్లలతో ముందే వల్లె వేయించకండి. పర్లాకిమిడిలో నేను పాఠాలు చెప్పిన రోజుల్లో తెలుగు ఇళ్ల పిల్లలూ, ఒడియా ఇళ్ల పిల్లలూ ఒకే తప్పుతో వచ్చేవారు. −1½ − 2¾లో రెండు మైనస్‌లు కనబడగానే ప్లస్ అనేసి 4¼ రాసేవారు. ఇక్కడ తీసేసేది 2¾, దాని విలోమం −2¾, కాబట్టి −1½ + (−2¾) = −4¼. ముందు ఏ సంఖ్యని తీసేస్తున్నామో దాని చుట్టూ గీత గీయమనండి. ఆ తర్వాతే విలోమం.

ప్రశ్న: మనవరాలికి లెక్కలు చెబుతుంటాను. ఇలాంటి తీసివేతల్లో ప్రతిసారీ అపక్రమ భిన్నంగా మార్చి తీరాలా? అంకెలు పెద్దవైతే పాప తడబడుతోంది.
— ఒక తాతయ్య, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: మార్చి తీరాలన్న నియమం లేదండీ. −3¼ లాంటి చిన్నవాటికి అపక్రమ భిన్నమే మేలు: −13/4 + 6/4 = −7/4. పూర్ణాంకానికీ భిన్నానికీ మధ్య గుర్తు మారిపోయే భయమే ఉండదు. పెద్దవాటికి విడదీసి చేయించండి. −27⅙ − (−14⅔) తీసుకోండి. విలోమం కలిపితే −27⅙ + 14⅔. పూర్ణాంకాలు −27 + 14 = −13. భిన్నాలు −1/6 + 4/6 = 3/6, అంటే ½. ఇప్పుడు −13 + ½. పాప దీన్ని −13½ అని రాయకుండా చూసుకోండి, పైన గుణుపురం బాబు తడబడింది ఇక్కడే. జవాబు −12½. నమ్మకం కుదరకపోతే −163/6 + 88/6 చేయించండి, −75/6 వస్తుంది. అదీ −12½ అవుతుంది.