కంప్యూటర్‌లో 9, షెల్ఫ్‌లో సున్నా: సమాధానం

అమ్మకాలు బాగానే ఉన్నా, కంప్యూటర్ 9 చూపించే సరుకు షెల్ఫ్‌లో ఉండట్లేదన్నారు కదండీ. షాపు నడపడం వేరు, స్టాకు చూడటం వేరు. మీ తేడా రెండోదాంట్లో ఉంది. ముందు బిల్లింగ్ గమనించండి. కొనేవాళ్లు మూడు రంగుల సబ్బులు తెస్తే, కౌంటర్‌లో ఒకదాన్నే మూడుసార్లు స్కాన్ చేస్తుంటారు. డబ్బు సరిపోతుంది గానీ, స్కాన్ చేసినదాని స్టాకు రెండు తక్కువ, మిగతా రెండింటిదీ ఒక్కోటి ఎక్కువ చూపిస్తుంది. పగిలినవి, వాపసొచ్చినవి ఏ రోజువి ఆ రోజే కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఏడాదికోసారి లెక్కపెడితే చాలదు. జోరుగా పోయే సరుకులు రోజుకు 20 రకాలు, షాపు తెరవకముందే లెక్కపెట్టండి. తేడా వస్తే అంకె దిద్దేసి ఊరుకోకండి, కారణం రాయండి.

ఆర్డర్ సంగతి: రోజుకు 6 పోయి, సరుకు రావడానికి 5 రోజులు పడితే 30, ఆలస్యానికి మరో 12 కలిపి, నిల్వ 42కి దిగగానే ఆర్డర్ పెట్టండి. లెక్క సరిచేశాకే సుమా!