కష్టాల్లో ఉన్న అమ్మాయి కథ చెప్పే కంట్రీ పాట (అమెరికా పల్లెల్లో పుట్టిన సంగీతం) ఒక్కటి చెప్పమంటే?

నేనైతే ‘ఫ్యాన్సీ’ వినమంటాను. అమెరికన్ గాయని బాబీ జెంట్రీ తనే రాసి 1969లో పాడింది. ఇదే పాటని మరో గాయని రీబా మెకంటైర్ పాడితే, 1991లో ఆ సింగిల్ బిల్‌బోర్డ్ పత్రిక ఇచ్చే కంట్రీ పాటల ర్యాంకుల్లో 8వ స్థానం దాకా వెళ్లింది.

ఎమ్మెస్‌కి టెక్సస్ వచ్చిన కొత్తలో క్యాంపస్ కిచెన్‌లో పనిచేసేదాన్ని. నాతోపాటు గిన్నెలు కడిగే పెద్దావిడ రోజూ ఈ పాట పెట్టేది. ఆ యాస నాకు సగం కూడా అర్థమయ్యేది కాదు. ఒకరోజు లిరిక్స్ వెతుక్కుని చదివాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పాటలో కథ ఇదీ: న్యూ ఆర్లీన్స్ శివార్లలో ఒంటిగది గుడిసె. తండ్రి వదిలేసి పోయాడు, తల్లికి జబ్బు, ఇంట్లో ఇంకో పసిబిడ్డ. ఉన్న కాస్త డబ్బూ పెట్టి ఆ తల్లి పద్దెనిమిదేళ్ల కూతురికి డ్యాన్స్ డ్రెస్ కొంటుంది. తలంటి, జుట్టు దువ్వి, కళ్లకీ పెదాలకీ రంగులు వేస్తుంది. ఒళ్లమ్ముకుని బతకమని పంపుతోందని ఆ పిల్లకి అర్థమవుతుంది. అప్పుడు హైహీల్స్ మీదుగా ఒక బొద్దింక పాకుతుంది. ఆ ఇల్లు ఎలాంటిదో ఆ ఒక్క బొద్దింకే చెప్పేస్తుంది. జెంట్రీ పెరిగింది మిసిసిపీలో, కరెంటు లేని తాతగారింట్లో. అలాంటివి తెలిసిన మనిషి రాసిందని అక్కడ తెలిసిపోతుంది.

“తల్లి అయ్యుండి అలా పంపుతుందా!” అని మా రూమ్మేట్ మండిపడింది. ఆ తల్లి చేసింది ఒప్పని నేనూ అనను. కానీ నా టికెట్ కోసం మా అమ్మ మెళ్లో గొలుసు తీసి తాకట్టు పెట్టిన రోజు గుర్తొచ్చింది. మా అమ్మకి తాకట్టు పెట్టడానికి గొలుసైనా ఉంది. పాటలో కూతురు కూడా తల్లిని తప్పు పట్టదు. కడుపు నిండినవాళ్లు చెప్పే నీతుల మీదే ఆమె కోపమంతా.

ముందు రీబాది వినండి, కథ స్పష్టంగా తెలుస్తుంది. నాకు మాత్రం జెంట్రీ పాడిందే ఇష్టం. ఏడుపు లేకుండా, జరిగింది జరిగినట్టు చెబుతుంది. బాగా డబ్బున్నదయ్యాక కూడా తల్లి గొంతులోని ఆ నిస్సహాయత ఇంకా చెవిలో మోగుతోందంటుంది చూడండి, అక్కడికి రాగానే మా కిచెన్‌లో ఆ పెద్దావిడ ప్రతిసారీ కుళాయి కట్టేసేది.