పాత పత్రికల ప్రకటనల మీద పీహెచ్‌డీ: సాహిత్యంలో చేయాలా, చరిత్రలో చేయాలా?

ప్రశ్న: సాహిత్యంలో ఎంఏ పూర్తయింది. డిసర్టేషన్ కోసం పాత వారపత్రికల్లో వచ్చిన సీరియల్ నవలలు చదివాను. చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగా ఉంది గానీ, కథ కంటే కథ పక్కన అచ్చయిన ప్రకటనలే నన్ను ఎక్కువ లాగాయి. గడియారాలు, టానిక్కులు, కుట్టుమిషన్లు. వాటి మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. మా మేడమ్‌ని అడిగితే ఇది సాహిత్యం కాదు, కల్చరల్ హిస్టరీ అన్నారు. చరిత్ర విభాగంలో అడిగితే మీకు చరిత్ర డిగ్రీ లేదు కదా అన్నారు. ఇంట్లో వాళ్లు మాత్రం ఇంకో ఆరేళ్లు చదివి ఏం చేస్తావని అడుగుతున్నారు. నాకూ టెన్షన్‌గానే ఉంది. ఏ దారి పట్టాలో చెప్పగలరా?

జవాబు: సిగ్గెందుకండీ? పరిశోధనలో పనికొచ్చే విషయాలు చాలాసార్లు అలా పక్కచూపులు చూసేటప్పుడే దొరుకుతాయి. ఇటలీ చరిత్రకారుడు కార్లో గింజ్‌బర్గ్ 1962లో ఊదినె పట్టణంలోని చర్చి ఆర్కైవ్‌లో వేరే విషయం కోసం మతవిచారణ రికార్డులు తిరగేస్తున్నాడు. ఈ ప్రపంచం కుళ్లులోంచి పుట్టిందని వాదించినందుకు ఒకాయన మీద మోపిన అభియోగం కంటబడింది. ఆ కేసు నంబర్లు రాసిపెట్టుకుని తన పనిలో తాను పడ్డాడు. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ ఆ నంబర్ల దగ్గరికి వచ్చాడు. నిందితుడు 16వ శతాబ్దంలో పిండిమర నడుపుకుని బతికిన డొమెనికో స్కాండెల్లా. ఊళ్లో అందరూ మెనోక్కియో అనేవారు. పాలు గడ్డకట్టి చీజ్ అయినట్టు ప్రపంచం ఏర్పడిందనీ, అందులో పుట్టిన పురుగులే దేవదూతలనీ విచారణలో చెప్పాడు పాపం. 1976లో అచ్చయిన గింజ్‌బర్గ్ పుస్తకం సగానికి పైగా ఒకటే వెతుకుతుంది: ఈ మనిషి ఏ పుస్తకాలు చదివాడు, వాటిని ఎలా చదివితే ఇలాంటి ఆలోచన వచ్చింది? దాన్ని చరిత్ర పుస్తకం అనే అంటారు. అందులో జరిగే పని మాత్రం ఒక పాఠకుడు ఒక పాఠాన్ని ఎలా చదివాడో చూడటం. మీరు ఎంఏలో నేర్చుకున్నది అదే కదా.

కాబట్టి మీ మేడమ్ చెప్పినదీ నిజమే, చరిత్ర విభాగం వాళ్లు తలుపు వేయడమూ అర్థం చేసుకోదగ్గదే. గొడవంతా మీ దగ్గర ఇంకా ప్రశ్న లేకపోవడం వల్ల. మీ దగ్గర ప్రస్తుతం ఉన్నది సామగ్రి. అది తక్కువేం కాదు. చాలామంది సామగ్రి లేకుండా పెద్ద పెద్ద మాటలతో వస్తారు: ఆధునికత, అస్తిత్వం, ప్రతిఘటన. మూడేళ్లయ్యాక కూడా ఆ మాటల దగ్గరే ఉంటారు.

ఊహకి ఒక ప్రకటన తీసుకుందాం. అరపేజీ. జేబు గడియారం బొమ్మ. పైన లావు అక్షరాల్లో "వేళ తెలిసినవాడే పెద్దమనిషి". కింద సన్న అక్షరాల్లో "పోస్టులో పంపబడును. నచ్చనిచో సొమ్ము వాపసు". సాహిత్యం చదివినవాళ్లు "పెద్దమనిషి" అన్న మాట దగ్గర ఆగుతారు. ఎదుటి పేజీలో సీరియల్ నాయకుడు కూడా గడియారం తీసి చూసుకుంటున్నాడా? కథలో ఆ మాట ఎవరికి వాడారు, ప్రకటనలో ఎవరికి వాడారు? చరిత్ర చదివినవాళ్ల కన్ను సన్న అక్షరాల మీద పడుతుంది. ఈ ప్రకటన ఎన్ని సంచికల్లో వచ్చింది, ఏ ఏడాది మొదలై ఏ ఏడాది ఆగింది? పోస్టులో వస్తువు తెప్పించుకునే అలవాటు అప్పటికి ఎంతమందికి ఉంది? డబ్బు వాపసు అని ముందే చెప్పాల్సి వచ్చిందంటే, అంతకుముందు ఎవరో మోసపోయి ఉండాలి. ఆ ఫిర్యాదులు ఎక్కడైనా ఉన్నాయా? కల్చరల్ హిస్టరీ చేసేవాళ్లు ఈ రెండు వరసల ప్రశ్నల్నీ ఒకచోట పెట్టి, వేళ తెలియడం ఎప్పటి నుంచి మర్యాదకు గుర్తయిందని అడుగుతారు.

మీరు ఎటు వెళ్లాలో తేల్చుకోవడానికి నేను చెప్పే పరీక్ష చాలా మొరటుది. మీ ప్రశ్నలోంచి సీరియల్ నవలను పూర్తిగా తీసేసి చూడండి. ప్రశ్న నిలబడితే చరిత్ర వైపు వెళ్లండి, కూలిపోతే సాహిత్యంలోనే ఉండండి. మీ ఉత్తరంలో "కథ పక్కన" అన్నారు చూడండి, దాన్ని బట్టి నాకైతే నవల లేకుండా మీ ప్రశ్న నిలబడదనిపిస్తోంది. సాహిత్య విభాగంలో చేరి, కో-గైడ్‌గా చరిత్ర విభాగం నుంచి ఒకరిని అడగండి. ఇందులో ఇంకో లౌక్యం కూడా ఉంది. ఇంటర్‌డిసిప్లినరీ, అంటే రెండు మూడు సబ్జెక్టులు కలిపి చేసే పని అంటే సెమినార్లలో అందరూ మెచ్చుకుంటారు. ఉద్యోగ ప్రకటన మాత్రం దాదాపు ఎప్పుడూ ఒకే సబ్జెక్టు పేరుతో వస్తుంది. మీ ఎంఏ, పీహెచ్‌డీ ఒకే సబ్జెక్టులో ఉంటే ఇంటర్వ్యూలో సగం ప్రశ్నల బెడద తప్పుతుంది.

ఇది సాహిత్యం కాదని ఎవరైనా అంటే ఇంగ్లిష్ నవలాకారుడు డికెన్స్‌ను గుర్తుచేయండి. ఆయన 'బ్లీక్ హౌస్' 1852 మార్చి నుంచి 1853 సెప్టెంబరు దాకా నెలనెలా విడి భాగాలుగా వచ్చింది. ప్రతి భాగానికీ కథతో పాటు ప్రకటనల పేజీలు కుట్టి ఉండేవి. ఆ పేజీలకు నవల పేరు మీదే ఒక పేరు కూడా పెట్టారు. మొదటి పాఠకులు చదివింది ఆ రెండింటినీ కలిపే. ఇవాళ మన చేతికొచ్చే నవలలో అవి ఉండవు.

ఎందుకు ఉండవన్నదే మీ పరిశోధనకు అసలు చిక్కు. దీని గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ సంగతి మూడో ఏడాదిలో తెలిస్తే ఏడవడం తప్ప చేసేది ఉండదు. లైబ్రరీలు పత్రికల్ని సంపుటాలుగా బైండు చేయించేటప్పుడు చాలాచోట్ల అట్టలూ ప్రకటనల పేజీలూ చించేసేవి. అలా చేస్తే సంపుటం సన్నబడుతుంది, బీరువాలో చోటు కలిసొస్తుంది. పైగా ప్రకటనలు ఎవరికి కావాలని అప్పటి ఆలోచన. తర్వాత మైక్రోఫిల్మ్ తీసినా, స్కాన్ చేసినా చాలావరకు ఆ బైండు సంపుటాల నుంచే తీశారు. అంటే ఆన్‌లైన్‌లో పత్రిక మొత్తం ఉన్నట్టే కనబడుతుంది, మీకు కావలసింది మాత్రం ఉండదు. పేజీ నంబర్లు వరసగా ఉన్నాయి కదా అని నమ్మకండి, ప్రకటనల పేజీలకు చాలాసార్లు విడిగా నంబర్లు వేసేవారు, లేదా అసలు వేసేవారే కాదు.

స్కాన్‌లో ప్రకటన మిగిలినా వెతుకుడు మాటలకు అది దొరక్కపోవచ్చు. స్కాన్ చేసిన పేజీలోని అక్షరాల్ని గుర్తుపట్టే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ మామూలు పేరాలు బాగానే చదువుతుంది గానీ, వంకర అక్షరాలూ బొమ్మల మీద రాతలూ ఉన్నచోట తడబడుతుంది. "గడియారం" అని కొట్టి పన్నెండు ఫలితాలొస్తే పన్నెండే ఉన్నాయని రాసేయకండి. ఒక ఏడాది సంచికలు ఎంచుకుని కంటితో పేజీ పేజీ తిరగేయండి. వెతుకుడులో దొరికినవెన్ని, కంటికి దొరికినవెన్ని అని లెక్క వేస్తే, మీ రెండో అధ్యాయంలో పద్ధతి గురించి రాయాల్సిందంతా అక్కడే తయారవుతుంది.

కాబట్టి దరఖాస్తు చేసే ముందు తెలుసుకోవలసింది ఒకటే. బైండు చేయని విడి సంచికలు ఎక్కడున్నాయి? పాత లైబ్రరీల్లో, పత్రికల ఆఫీసు ఫైళ్లలో, సొంతంగా సేకరించుకున్నవాళ్ల దగ్గర. బ్రిటిష్ లైబ్రరీ 2004లో మొదలుపెట్టిన ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ కింద అనేక దేశాల్లో పాడైపోతున్న పత్రికలు, చేతిరాతలు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. అక్కడ మొదలుపెట్టండి, కానీ అక్కడితో ఆగకండి. లైబ్రేరియన్‌కు ఫోన్ చేసి "మీ సంపుటాల్లో ప్రకటనల పేజీలు ఉన్నాయా, ఒక్కటి తీసి చూడగలరా" అని అడగండి. కేటలాగ్ ఆ సంగతి చెప్పదు.

నా సొంత తప్పు ఒకటి చెప్తాను. పరిశోధన రోజుల్లో ఒక ఆర్కైవ్‌లో నాలుగు రోజులు కూర్చుని నాలుగు వందలకు పైగా ఫొటోలు తీశాను. ఫైలు నంబరు, తేదీ తర్వాత రాసుకుందాంలే అనుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే ఏ కాగితం ఏ ఫైల్లోదో తెలియదు. ఫుట్‌నోట్ రాయలేని ఆధారం ఉన్నా లేనట్టే. మళ్లీ వెళ్తే ఆ గదికి తాళం, రిపేర్లట, ఎప్పటికి తెరుస్తారో ఎవరికీ తెలియదు. ఒక అధ్యాయం అలా పోయింది. మీరు మాత్రం ప్రతి ఫైలు మొదటి ఫొటోగా దాని అట్టను తీయండి. సాయంత్రమే ఆధారాల వివరాలు దాచిపెట్టే జొటెరో సాఫ్ట్‌వేర్‌లోనో మామూలు ఎక్సెల్ షీట్‌లోనో ఎక్కించేయండి. జొటెరో ఉచితం, ఒక పూటలో నేర్చుకోవచ్చు.

గైడ్ గురించి రెండు మాటలు. పేరున్నవాళ్లని చూసి వెళ్లకండి. వాళ్ల దగ్గర ఇప్పుడు చేస్తున్న విద్యార్థుల్లో ఇద్దరితో మాట్లాడి, అధ్యాయం ఇస్తే ఎన్ని వారాలకు తిరిగొస్తుంది, చేరినవాళ్లలో ఎంతమంది ముగించారు అని అడగండి. వాళ్లు నీళ్లు నమిలితే మీకు జవాబు దొరికినట్టే.

ఇక మీ ఇంట్లో వాళ్లు అడిగిన ఆరేళ్ల సంగతి. అది ఏ దేశంలో చేస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో మొదటి రెండేళ్లూ కోర్సులు, ఆపైన పెద్ద పరీక్ష, తర్వాతే థీసిస్. హ్యుమానిటీస్‌లో, అంటే సాహిత్యం, చరిత్ర లాంటి సబ్జెక్టుల్లో, ఏడేళ్ల దాకా పట్టడం మామూలే. మంచి విభాగాలు ఫీజు తీసేసి, పాఠాలు చెప్పే పని ఇచ్చి స్టైపెండ్ ఇస్తాయి. బ్రిటన్‌లో కోర్సులు దాదాపు ఉండవు, మూడు నాలుగేళ్లలో నేరుగా థీసిస్ రాయాలి. కేంబ్రిడ్జ్ ఇంగ్లిష్ విభాగంలో థీసిస్ 80,000 మాటలు దాటకూడదు. అంటే ప్రశ్న తేల్చుకోకుండా బ్రిటన్ వెళ్తే మొదటి ఏడాది దాన్ని వెతుక్కోవడంలోనే పోతుంది. జర్మనీలో థీసిస్ ఆమోదించినా దాన్ని ప్రచురిస్తేనే డిగ్రీ చేతికొస్తుంది. భారత్‌లో యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలనెలా డబ్బు దొరుకుతుంది. మీలాగా సామగ్రి ఉండి ప్రశ్న ఇంకా చిక్కనివాళ్లకు కోర్సులున్న పద్ధతే మేలని నా అభిప్రాయం.

ఫండింగ్ లేకుండా ఫుల్‌టైమ్‌లో చేరకండి. ఈ మాట అంటే చాలామందికి కోపం వస్తుంది, అయినా అంటాను. అప్పు చేసి హ్యుమానిటీస్ పీహెచ్‌డీ చేయడం నేను ఎవరికీ చెప్పను. స్టైపెండ్ లేని సీటు వస్తే ఒక ఏడాది ఆగి, ఉద్యోగం చేసుకుంటూ సామగ్రి పోగు చేసి మళ్లీ దరఖాస్తు పెట్టండి. ప్రకటనలు ఎక్కడికీ పోవు. అంటే, పోతున్నాయనుకోండి, చెదలు తింటున్నాయి, కానీ ఒక్క ఏడాదికి కాదు.

ఉద్యోగాల గురించి తీపి మాటలు చెప్పలేను. అమెరికాలో చరిత్ర, సాహిత్యం బోధించే పర్మనెంట్ పోస్టుల ప్రకటనలు 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత పడిపోయి మళ్లీ పాత స్థాయికి రాలేదు. మిగతా చోట్ల కూడా చాలామంది ఏళ్ల తరబడి కాంట్రాక్టు, గెస్ట్ పోస్టుల్లోనే ఉంటున్నారు. లెక్చరర్ కావడం ఒక్కటే లక్ష్యమైతే, అది జరగకపోవడానికే ఎక్కువ వీలుందని అనుకుని చేరండి. బయట పనులున్నాయి: ఆర్కైవ్‌లు, మ్యూజియంలు, ప్రచురణ సంస్థల్లో ఎడిటింగ్, అనువాదం, డాక్యుమెంటరీలకు రీసెర్చ్, డిజిటైజేషన్ ప్రాజెక్టులు. అయితే పీహెచ్‌డీ ఉంది కదా అని ఇవి వాటంతట అవే రావు. ఆర్కైవ్, లైబ్రరీ పోస్టులకు చాలాచోట్ల వేరే డిప్లొమా అడుగుతారు. మీ అంశం పుణ్యమా అని స్కానింగ్, కేటలాగింగ్, మెటాడేటా (ప్రతి ఫైలుకూ జతచేసే వివరాలు), చేతిరాతను చదివే ట్రాన్స్‌క్రిబస్ లాంటి సాఫ్ట్‌వేర్ ఎలాగూ చేతికొస్తాయి. చేసిన ప్రతి పనికీ ఒక సర్టిఫికెట్‌గానీ, చూపించదగ్గ నమూనాగానీ దగ్గర పెట్టుకోండి.

ఇప్పుడు చేయాల్సిన పని. ఒక పత్రిక, ఒక ఏడాది, ఒకే వస్తువు ఎంచుకోండి. కుట్టుమిషన్ అనుకుందాం, గడియారాల మీద ఇప్పటికే చాలామంది రాశారు. ఆ ఏడాది దొరికిన కుట్టుమిషన్ ప్రకటనలన్నీ తేదీ, పేజీ, పక్కన ఏ సీరియల్ నడుస్తోంది అన్న మూడు గడుల పట్టికలో వేయండి. అందులో మీకు వింతగా అనిపించిన ఒక్క ప్రకటన మీద వెయ్యి మాటలు రాయండి, సిద్ధాంతకర్తల పేర్లు ఒక్కటి కూడా లేకుండా. దీనికి ఆరు వారాలు పెట్టుకోండి. గైడ్లకు రాసే మొదటి ఈమెయిల్‌లో "మీ దగ్గర పరిశోధన చేయాలని ఉంది" అన్న మామూలు వాక్యం కింద ఆ ప్రకటన ఫొటో, ఆ వెయ్యి మాటలు జతచేయండి. నలుగురికి పంపితే ఇద్దరు జవాబివ్వరు, ఒకరు శుభాకాంక్షలు చెప్తారు. నాలుగో ఆయనో ఆవిడో "ఆ పక్క పేజీలో కథ ఏమిటి?" అని అడిగితే, ఇక ఆ విభాగానికి దరఖాస్తు నింపండి.